నీలం గుడ్డ కట్టిన తలుపు

జూన్ 30, ఆదివారం

చర్చి నుంచి నడిచే వచ్చాను. కొండల మీద మంచు కనిపిస్తోంది. ఈ దక్షిణపు కొసన జూన్ అంటే నడి చలికాలం; చక్రాల మీదున్న ఈ చిన్న ఇంట్లో నాకిది రెండోది. రెండు గిన్నెలు, ఒక కుర్చీ, ఒక ప్రార్థన పుస్తకం. హోబార్ట్‌లో ఉన్నప్పుడు అంత ఇల్లూ తుడిచేసరికి దేవుడికి మిగిలేది ఆవలింతలే. ఇక్కడ చీపురు తీసినంతలో పని అయిపోతుంది.

పక్కింటి ఎయిల్సాకి సూప్ ఇచ్చాను. డెబ్బై దాటినా ఇంకా నిచ్చెనెక్కి అటక మీదే పడుకుంటుంది. కింద సోఫా మీద పడుకోకూడదా అన్నాను. ఇల్లు అగ్గిపెట్టెంతే అయినా నాకు మేడగది ఉందమ్మాయ్, నీకెందుకు కుళ్ళు అంది.

జూలై 3, బుధవారం

ఎయిల్సా తలుపు పిడికి నీలం గుడ్డ కట్టుకుంది. ఈ పొలంలో ఉన్న అయిదిళ్ళ వాళ్ళం పెట్టుకున్న నియమం అది. గుడ్డ ఉందంటే లోపలివాళ్ళు మౌనంలో ఉన్నట్టు. వాళ్ళు విప్పేదాకా తట్టకూడదు, పిలవకూడదు.

పోయిన నెల మర్చిపోయి తట్టాను, ఆవిడ తలుపే. మీటింగులో గార్త్ నన్ను నిలబెట్టాడు. పొలం ఆయనదే. ఇక్కడ మనిషికి ఉన్నది ఒక్క తలుపు, అదీ మనది కాకపోతే టౌన్లో ఫ్లాట్ తీసుకోవచ్చుగా కోరలీ అన్నాడు. అందరూ తలలూపారు. ఎయిల్సా కూడా.

జూలై 4, గురువారం

ఎయిల్సా పొయ్యి గొట్టంలో పొగ లేదు.

జూలై 5, శుక్రవారం

ఆవిడ కోళ్ళు పొద్దున్నుంచీ గోల. మౌనంలో ఉన్నా మేత వేయడం ఎప్పుడూ మానలేదు. నేనే వేశాను. గార్త్‌తో చెప్పాను. ఉపవాసం ఉంటానంది కదా, ఉండనీ, నీకు ఊరికే కూర్చోవడం చేతకాక పక్కింటి బెంగ పెట్టుకుంటున్నావ్ అని నవ్వాడు. నిజమేనేమో.

సాయంత్రం ఆవిడ మెట్టు మీద నిలబడి ప్రార్థించాను. నియమం తప్పకుండా, పెదవులు మాత్రమే కదిపాను. లోపల టిక్ టిక్‌మని చప్పుడు. పొయ్యి గొట్టం చల్లారేటప్పుడు మా ఇంట్లోనూ అలాగే వినిపిస్తుంది. మనసు తేలికపడింది.

జూలై 6, శనివారం

వాన. మళ్ళీ వెళ్ళాను. ఈసారి చప్పుడు చాలాసేపు వినిపించింది. చెయ్యి పిడి దాకా వెళ్ళింది. తడిసిన గుడ్డ తగలగానే మీటింగు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ఇంకాసేపు ప్రార్థించి వచ్చేశాను.

జూలై 7, ఆదివారం

చర్చిలో పాట మధ్యలో పుస్తకం మూసేశాను. గురువారం నుంచీ పొగ లేదు. వెలగని పొయ్యికి చల్లారడమేమిటి?

పాట అయ్యేదాకా ఆగలేదు.

ఎయిల్సా తలుపు దాకా పరిగెత్తాను. గార్త్ వెనకాలే వచ్చి గుడ్డ ఉంది చూడు కోరలీ అన్నాడు. విప్పి ఆయన చేతిలో పెట్టాను. తలుపుకి లోపల గడియ కూడా లేదు. నెట్టగానే తెరుచుకుంది.

ఎయిల్సా నిచ్చెన కింద పడి ఉంది. గురువారం పొద్దున దిగుతూ జారిందట. ఇంక కదల్లేకపోయింది. పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ సంచి ఆవిడతోపాటే కిందపడింది. అందులో నీళ్ళే తాగుతూ ఉంది. చేతిలో, అందుబాటులో దొరికిన గరిటె.

పడ్డప్పటి నుంచీ ఆవిడకి గొంతు రాలేదట. నోటి దగ్గర చెవి పెట్టాను. తలుపు కింద సందులోంచి నీ బూట్లు కనిపించాయి, గరిటెతో కొట్టాను, ఎంత కొట్టాను, అక్కడ నిలబడి ఏం చేస్తున్నావమ్మాయ్ అంది.

ప్రార్థిస్తున్నానని చెప్పాను.

అంబులెన్స్ వచ్చేదాకా నా వైపు చూడలేదు. గార్త్ బయట ఆ గుడ్డని మడతలు పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతలు పెడుతున్నాడు.

జూలై 9, మంగళవారం, ఆసుపత్రి

కిడ్నీలు పనిచెయ్యడం లేదన్నారు. ఇంక ఎక్కువసేపు లేదు, ఎవరైనా ఉంటే పిలవమన్నారు. ఎవరూ లేరు.

కోళ్ళు తిన్నాయా అని అడిగింది. తిన్నాయన్నాను. వినపడలేదంది. తిన్నాయండీ అని వార్డంతా వినేలా చెప్పాను.

ప్రార్థన చేద్దామా అని అడిగాను. వద్దు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నువ్వున్నావని తెలియాలి అంది.

కోళ్ళ గురించి చెప్పాను. వాన గురించి చెప్పాను. మా అమ్మ గురించి, పొయ్యిలో మాడిపోయిన రొట్టె గురించి చెప్పాను. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, ఇంక చాలమ్మా అంది. ఆపలేదు. దుప్పటి ఆవిడ మొహం మీదికి లాగుతున్నా ఆపలేదు.