బూదవ్వ బిళ్ళ ఇంకా మేకుకే ఉంది

గోదావరిఖని,
ఆదివారం సాయంత్రం

అక్కకు తమ్ముడు సీను నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ కాలి కట్టు విప్పారా, ఇంకా మంచం మీదనే ఉంచారా? బావ మూడు పూటలా ఉప్మానే చేస్తున్నాడని రాశావు. చదివి ముందు నవ్వాను, తర్వాత జాలేసింది. చిన్నిని బడికి ఎవరు దింపుతున్నారు? అన్నీ వివరంగా రాయి.

నా గురించి ఫికరు పడకు. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి. కిందకి దిగితే ఉక్క, పైకొస్తే వడగాలి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే నా క్వార్టర్లో గిన్నెలన్నీ గలగలమంటాయి. మొదట్లో ఉలిక్కిపడేవాణ్ణి, ఇప్పుడు టైము చూసుకుంటున్నాను. సర్వే పని అలవాటైంది. గని లోపల దారులు కొలవడం, పైకొచ్చి మ్యాపు గీయడం. తిండికి లోటు లేదు, మెస్సులో పప్పు నీళ్లలా ఉన్నా రాజలింగం అన్న భార్య సర్వపిండి పంపిస్తుంది. నిజంగా బాగానే ఉన్నాను.

ఫోను చేసి చెప్పాల్సిన సంగతే ఇది. రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా వెళ్లి కూడా తిరిగొచ్చాను. నీ గొంతు వింటే చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

అక్కా, పోయిన నెల నీకు అబద్ధం రాశాను. షిఫ్టులు కుదరక మన ఆట ఆగిపోయిందన్నాను కదా, ఆగలేదు. ప్రతి ఆదివారం నా గదిలో నడుస్తూనే ఉంది. ఆగింది నువ్వొక్కదానివే. ఆపింది నేను.

నువ్వు నేర్పిన ఆటని నువ్వు నేర్పినట్టే వీళ్లకు నేర్పాను. ఒకరు కథ నడపడం, మిగతావాళ్లు తలా ఒక మనిషైపోయి ‘నేనిట్లా చేస్తాను’ అనడం, అది అయిందా లేదా పాచికలు తేల్చడం. ముగ్గురే ఉన్నా ముగ్గురూ ముత్యాలు. గని దీపాల గదిలో పనిచేసే రాజలింగం అన్న, పక్క క్వార్టరు సుజాత టీచరు, బొగ్గు టబ్బులు నింపే కొమురయ్య. నువ్వు కాలు విరిగి మంచాన పడ్డాక ఆటలో నువ్వయ్యే బూదవ్వ కూడా ఉత్తరాల మీద మా కథలోని నల్లకోటకు వచ్చింది. వారం వారం ఏం జరిగిందో నేను రాయడం, మందుల బూదవ్వ ఏం చేస్తుందో నువ్వు రాయడం, నేను అందరికీ చదివి వినిపించడం. నీకు ఆ మూడు నెలలూ ఇల్లు దాటి వెళ్లేందుకు ఉన్న దారి అదొక్కటేనని నాకు తెలుసు. తెలిసే చేశాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బూదవ్వంటే వీళ్లకు ప్రాణం. పాచికలు వెయ్యబోతూ కొమురయ్య చెయ్యి ఆపి, “ఆగు సారూ, అక్కైతే ఏమంటుండె?” అనేవాడు. నా గదిలో కూర్చుని, నేను చెప్పే కథలో, నన్ను కాదని నువ్వున్న హనుమకొండ వైపు చూసేవారు. కుళ్లుకున్నాను అక్కా. ఇంకో మాట దొరకలేదు. రాజులూ రాక్షసులూ నీవి, కోటా నీదే. నాదంటూ ఒకటి ఉండాలనిపించింది. పవర్‌హౌసు చిమ్నీల మీద ఎర్రదీపాలు వెలిగే వేళ సైకిలు మీద వస్తుంటే, ఆ పవర్‌హౌసు మొత్తం చుక్కల్లోకి లేవబోతున్న ఓడలా కనిపించింది. అంతే, నల్లకోటను వదిలేసి ఆకాశంలోకి వెళ్లిపోవాలనుకున్నాను.

ఆ శుక్రవారమే నీ ఉత్తరం వచ్చింది. నల్లకోట కింది గుహలో రాతితలుపు దిగిపోతుంటే బూదవ్వ భుజం ఆనించి ఆపుతుందనీ, ‘మీరు పొండి బిడ్డా, నేను ఎన్కనే వస్త’ అంటుందనీ రాశావు. మూడుసార్లు చదివాను. మడిచి ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టాను. ఆదివారం అందరూ కూర్చోగానే, “మీరు బయటపడ్డారు. వెయ్యేళ్లు గడిచాయి. ఇప్పుడు మీరు ఆ పాతవాళ్ల వంశం, చుక్కల మధ్య ఓడలో ఉన్నారు” అని మొదలుపెట్టాను. అక్క ఉత్తరం ఏదని అడిగితే రాలేదన్నాను.

రెండు ఆదివారాలు బ్రహ్మాండంగా నడిచింది. నేనేదో వింత ఓడ వర్ణిస్తే వీళ్లు దాన్ని గనిలాగే చూశారు. నేను పెద్ద హాలు చూపిస్తే రాజలింగం అన్న, “ముందుగాల పైకప్పు కొట్టి చూడాలె, బోలు చప్పుడొస్తే లోపలికి పోవుడు లేదు” అన్నాడు. తలుపు తెరవబోతే కొమురయ్య, “గ్యాసు చూసినోడెవడు?” అని అడిగాడు. నవ్వలేక చచ్చాను. నిన్ను ఎవరూ తలవడం లేదని లోపల్లోపల సంతోషించాను కూడా.

మూడో ఆదివారం రాజలింగం అన్న డబ్బారేకు కత్తిరించి బిళ్ళలు తెచ్చాడు. గనిలోకి దిగేవాడు తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, ఆ బిళ్ళ హుక్కుకు వేలాడుతూ ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఓడ దిగి గాలిలేని చోటికి పోయేవాళ్లకు కూడా లెక్క ఉండాలని నా తలుపు వెనక మేకులు కొట్టి తగిలించాడు. ఆట అయ్యాక, తిరిగొచ్చినవాళ్లవి ఒక్కొక్కటే ఎవరిది వాళ్లతో తీయించాడు. ఒకటి మిగిలింది.

“ఇది ఎవరిది?” అన్నాను.

“బూదవ్వది. గుహలకు దిగింది. పైకొచ్చినట్టు నువ్వు చెప్పలే.”

“వెయ్యేళ్లయింది కదన్నా. చచ్చిపోయి ఉంటుంది.”

“ఉండనీ. పానం ఉన్నా లేకున్నా పైకి తేవాలె సారూ. గా బిళ్ళ ఉండంగ షిఫ్టు ఎట్ల మూస్తవు?” కోపంగా కూడా అనలేదు. పని తెలియని కొత్తవాడికి చెప్పినట్టు చెప్పాడు.

సుజాత టీచరు నా మొహం చూసింది. “ఉత్తరం నిజంగనే రాలేదా తమ్ముడూ?” అంది. ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. ట్రంకు తీసి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. ఆమె పైకి చదివింది. నీ అక్షరాలు ఆమె గొంతులో వింటుంటే తలెత్తలేకపోయాను.

“మా కోసమని ఆగిందామె. నువ్వేమో మమ్ముల ఓడ ఎక్కిస్తివి,” అన్నాడు కొమురయ్య. ఆ పూట టీ తాగకుండానే లేచిపోయాడు.

అయినా ఇవాళ ముగ్గురూ వచ్చారు. ఓడను భూమికి తిప్పారు. నల్లకోట గుట్ట దగ్గర దించి, పైకప్పు కూలకుండా వరుసగా దిమ్మెలు పెట్టుకుంటూ తవ్వుకుంటూ వెళ్లారు. తొందరపడదామని నేనంటే ఒప్పుకోలేదు. సాయంత్రానికి రాతితలుపు తగిలింది. రాజలింగం అన్న వేళ్లతో నేలను మూడుసార్లు కొట్టి, “లోపల్నుంచి చప్పుడొచ్చిందా?” అని నన్నడిగాడు. కథ నడిపేది నేనే కదా, నేను చెప్పాలి. తలుపు వెనక వేలాడే బిళ్ళ వైపు చూశాను. “అది అక్క చెప్పాలె,” అంది టీచరు.

అందుకే ఈ ఉత్తరం. బూదవ్వ ఎలా బతికిందని నేను కల్పించను, నువ్వు ఏం రాస్తే అదే. బూదవ్వ అవతలి నుంచి తలుపు కొట్టదని రాసినా అలాగే చదువుతాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు, అది కూడా వాళ్ల ముందే చదువుతాను. ఊరికే మాత్రం ఉండిపోకు.

ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం మామిడికాయ తొక్కు పంపించు. అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను. బావకు నమస్కారాలు, అత్తయ్యగారికి దండాలు, చిన్నికి ముద్దులు. వాళ్లు ముగ్గురూ నిన్ను అడిగామని మరీమరీ రాయమన్నారు. నేను బాగానే ఉన్నాను.

రేపు మొదటి షిఫ్టు. తలుపు తీసేటప్పుడల్లా బూదవ్వ బిళ్ళ కదిలి చప్పుడవుతోంది. తీసి లోపల పెడదామని చెయ్యి పెట్టబోతే రాజలింగం అన్న వద్దన్నాడు. కిందకి దిగినవాళ్లే పైకొచ్చి తీసుకోవాలట.

నీ దీవెన అడిగే అర్హత పోగొట్టుకుని కూడా అడుగుతున్న
నీ తమ్ముడు
సీను