సున్నం మేస్త్రి పత్యం

రంగూన్, 12 సెప్టెంబరు 1927

డాక్టరు కూర్మనాథం నా చేతికి ఎక్స్-రే తీశాడు. ఎముకల పక్కన సన్నగా తెల్లటి గీతలు. అవి రక్తనాళాలట, వాటికి సున్నం పట్టిందట. నాకు నవ్వొచ్చింది. పాతికేళ్లుగా ఈ ఊరి గోడలకి వెల్ల వేయిస్తున్న మేస్త్రి మంగరాజుకి సున్నం కాక ఇంకేం పడుతుంది?

డాక్టరు నవ్వలేదు. ఇది బకెట్టులో సున్నం కాదు, కిడ్నీలు ఏళ్ల తరబడి చెడితే ఒంట్లో ఉన్న సున్నమే దారి తప్పి నాళాల్లో చేరుతుందన్నాడు. పట్టింది ఇక పోదట. ఉప్పు మానాలి. ఎండుచేప ముట్టకూడదు. ముడితే ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదన్నాడు. రోజూ కాళ్ల వాపు రాయమని ఈ పుస్తకం ఇచ్చాడు.

ఎండు నెత్తళ్లు లేకుండా అన్నం ఎలా దిగుతుందో మాత్రం చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం 6

డాక్టరు ఏటన్నాడని మా ఆవిడ అచ్చమ్మ అడిగింది. నాళాల్లో సున్నం ఉందన్నాడని చెప్పాను. అడక్కముందే, చేపల గురించి ఏమీ అనలేదని కూడా చెప్పాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. దానికి చదువు రాదు కాబట్టి నిజం ఇక్కడ రాసుకోవచ్చు.

14 సెప్టెంబరు

నా తాంబూలంలో సున్నం బంద్ చేసింది అచ్చమ్మ. ఉత్త ఆకు నములుతుంటే మేకలా ఉంది. నోరు పండదు.

17 సెప్టెంబరు

నా మంచం వరండాలోకి వచ్చింది. లోపలి గోడలకి వెల్ల ఉందట! జల్లు కొడుతోంది.

24 సెప్టెంబరు

మొగుడు ఇన్ని కష్టాలు పడుతున్నాడని జాలిపడి అచ్చమ్మ రెండు పూటలా నెత్తళ్ల ఇగురు చేస్తోంది. తను చారుతో సరిపెట్టుకుని నాకే వడ్డిస్తోంది. చెప్పులు కాళ్లకి పట్టడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. భయంగా ఉంది.

ఇగురు మాత్రం చాలా బాగుంది.

29 సెప్టెంబరు

ఎంత పరువు తక్కువ పని!

చౌక్తడాలో ఒక ఆఫీసుకి వెల్ల వేస్తున్నాం. తామ్వేలోని మా ఇంటి నుంచి ట్రామెక్కి అచ్చమ్మ అక్కడికే వచ్చేసింది. ఈ సున్నమే మా ఆయన్ని తినేస్తంది, మీరూ సచ్చిపోతారర్రా అని బకెట్ల ముందు నిలబడి కేకలు పెట్టింది. నా కూలీ అచ్చెన్న కుంచె పడేశాడు. పన్నెండుమందీ నిచ్చెనలు దిగిపోయారు. మేస్త్రీ, నాను పోతే నా పిల్లలకి దిక్కేటి అని అచ్చెన్న ఏడ్చాడు. వాడు పని మానితే ఆ పిల్లలు ఏం తింటారు?

అందరి ముందూ ఒప్పేసుకున్నాను. తప్పు సున్నానిది కాదురా, నా కిడ్నీలది, నెత్తళ్లది, నా నాలుకది అన్నాను. వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వి మళ్లీ నిచ్చెనలెక్కారు.

అచ్చమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక, ఇన్నాళ్లూ నా సేత్తోనే నీకు ఇసం ఎట్టినానేటి అంది. సిగ్గేసింది.

30 సెప్టెంబరు

నెత్తళ్ల కుండ పక్కింటి బర్మా ఆవిడకి వెళ్లిపోయింది. ఆవిడ రెండు చేతులా అందుకుంది. నా మంచం లోపలికి వచ్చింది. తాంబూలంలోకి సున్నమూ వచ్చింది.

3 అక్టోబరు

వాపు కాస్త తగ్గింది. నా కూరలో ఉప్పు లేదు. అచ్చమ్మ కూరలోనూ లేదు. నీకెందుకే అంటే వంగి నాకు ఇంకాస్త అన్నం వడ్డించింది. నా అన్నంలో దాని కన్నీటి చుక్కలు రెండు పడ్డాయి. ఆ ఉప్పు కూడా లెక్కలోకి వస్తుందేమో డాక్టరుని అడగాలి.