రషీద్ వీడియోలు, నా లైబ్రరీ పీరియడ్

నందవరం, మంగళవారం రాత్రి

రేపటి నుంచి లైబ్రరీ పీరియడ్ రషీద్‌కు ఇస్తానని హెడ్‌మాస్టర్ చెప్పారు. పదేళ్లుగా ఆ పీరియడ్‌లో పిల్లలతో పేపర్లు చదివిస్తున్నది నేను. రషీద్ లెక్కల సారు. ఫోన్లో వచ్చే వార్త నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో చెబుతూ ఆన్‌లైన్‌లో చిన్న వీడియోలు పెడతాడు. తెలుగులో ఒక అర్జీ కూడా తప్పు లేకుండా రాయలేడు. పిల్లలు మాత్రం అతని మాటే వింటారు.

నిన్న పత్తికొండ మార్కెట్లో ధర లేక టమోటాలు రోడ్డు మీద పారబోస్తున్నారని ఒక వీడియో వస్తే, తల్లిదండ్రుల గ్రూపులో నేనే పెట్టాను. ఈ రోజు తొమ్మిదో తరగతిలో సుంకులమ్మ లేచింది.

"సార్, ఆడుండే బండ్ల నంబర్లు సూడండి. అన్నీ కర్ణాటకవే. అది పత్తికొండ కాదు."

"నీకెవరు సెప్పినారు?"

"బండి నంబరు, అంగడి బోర్డు సూడాలని రషీద్ సార్ వీడియోలో సెప్పినాడు."

ఆ పేరు వినగానే ఒళ్లు మండింది. "మిమ్మల్ని పరీక్షించాలనే పెట్టినా" అన్నాను.

"అయితే మా నాయన ఫెయిలైనాడు సార్. మార్కెట్ పడిపోయిందని మా టమోటా కాయ కోయల్యా. నేను సెప్తే ఇనల్యా. సార్ పెట్టింది అబద్ధమెట్లయితాది అన్నాడు."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఇంటికి వచ్చి రషీద్ వీడియోను మూడుసార్లు చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నేను పెట్టింది తప్పని గ్రూపులో ఒక్క మాట రాస్తే సుంకులమ్మ నాయన పొద్దున్నే కోతకు దిగుతాడు. రెండుసార్లు రాసి చెరిపేశాను. ఆ గ్రూపులో రషీద్ కూడా ఉన్నాడు.