సీటు వెనక పెరటి తలుపు

అన్నా,

నీ లారీ చెట్టును గుద్దుకుని, లోడులోని బేతంచెర్ల బండలు వెనకనుంచి నిన్ను స్టీరింగుకు అదిమేసి నిన్నటికి ఏడాది. ఆ నెలలోనే వదిన మీ పెరటి తలుపు ఊడదీయించి, నా లారీలో సీటు వెనక నిలబెట్టి బోల్టులు వేయించింది.

"దొంగోల్లొస్తే రానీ, బండలు మాత్రం రాగూడదు" అంది. లారీ సావుకారు పకపకా నవ్వాడు.

నిన్న బ్రేకు పట్టక నా లారీ రోడ్డు పక్క మోరీ గోడను గుద్దింది. బండలన్నీ ముందుకు దూకాయి. తలుపు పగిలింది గానీ ఊడలేదు. నాకు పెదవి చిట్లింది, అంతే.

సావుకారు పరిగెత్తుకొచ్చాడు. "బంపరుకు కట్టిన నిమ్మకాయే నిన్ను కాపాడిందప్పా!"

"మా అన్న లారీకి గూడా నువ్వే కట్టింటివి గదా, సావుకారీ" అన్నాను.

తక్కిన డ్రైవర్ల కోసం వదిన ఇప్పుడు వీధి తలుపు ఊడదీయిస్తోంది.