డిస్‌ప్లే పోయిన ఫోను

తర్లుపాడు,
ఆదివారం, చర్చి నుంచి వచ్చినాక

వందనక్కకు కేథరిన్ వందనాలు.

నీ పేరు మీద ఈ పరాచికం చిన్నప్పటినుంచీ ఆడుతూనే ఉన్నా గాని, ఈరోజు నవ్వుతా రాయడం లేదక్కా. ఈ కాలంలో ఉత్తరం ఏంది అనుకుంటావేమో. నా ఫోను బావిలో పడినకాడినుంచి ఇంట్లో ఉండేది అమ్మ పాత బటన్ల ఫోను ఒక్కటే. అది ఎప్పుడూ ఆమె కొంగులోనే ఉంటది. ఎవరితో మాట్లాడినా పక్కన కూర్చోని వింటది. రాసింది మాత్రం ఆమెకు చదవను రాదు. అందుకే రాస్తున్నా.

ఆ ఫోనుకు డిస్‌ప్లే పోయి చాలా రోజులైంది. నల్లగా ఉంటది. ఎవరు చేసినారో కనపడదు. మోగితే పచ్చ బటను నొక్కి మాట్లాడటమే. బాగుచేయిస్తానంటే వద్దంటది. ఆ కంపెనీ సిగ్నలు కూడా మన వీధిలో పోయింది, మిద్దె ఎక్కితేనే అందుతది. అందుకని పొద్దు వాలితే అమ్మ మిద్దె మీదనే. ఎందుకో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఫోను మోగుతది. ఎత్తితే అవతల ఎవరూ పలకరు. అమ్మ మాత్రం మాట్లాడతది. "బెన్నీ, జ్వరమేమన్నా వచ్చిందా నాయనా? గొంతు లేవడం లేదా? మీ నాయన పోయినాక నేను నిన్ను ఏమన్నా అన్నానేమో, మనసులో పెట్టుకోబాక" అని, అవతల పెట్టేసినాక కూడా చెప్తానే ఉంటది.

తమ్ముడు హైదరాబాదు పనికని ఇల్లు వదిలి మూడేళ్లు దాటింది, ఏ కబురూ లేదు. పోలీసుస్టేషను చుట్టూ నేనూ బావా ఎంత తిరిగినామో నీకు తెలుసు. వాడికి నోటికొచ్చిన నంబరు ఇదొక్కటే అని అమ్మ నమ్మకం.

మొన్న ఆమె ఫోను మిద్దె మీదనే పెట్టి స్నానానికి పోయినప్పుడు అది మోగితే నేను ఎత్తినా. అవతల మనిషి ఉన్నాడక్కా. గుటక మింగిన చప్పుడు వినపడింది. ఎవరని అడగాలి గదా? నా నోట్లోనుంచి "బెన్నీ?" అనే వచ్చింది. పెట్టేసినారు.

మార్కాపురంలో రాధిక అని, మొబైల్ దుకాణం నడిపే అమ్మాయి ఉంది. టచ్ ఫోను కొనుక్కోమని, కంపెనీ మార్చినా నంబరు మారదని చెప్పింది. మన చర్చి వెనక కొత్తగా వేసిన టవరు వేరే కంపెనీది. అందులోకి మారితే ఇంట్లోనే సిగ్నలు. అమ్మకు చెప్తే, "ఎవరు చేస్తున్నారో కనపడే ఫోను నాకొద్దు" అనింది. కంపెనీ మారడం గురించి ఒక్క మాట అడగలేదు. నాకేం చేయాలో తోచడం లేదు. నువ్వేమంటావో రాయి.

నీ చెల్లెలు,
కేథరిన్

*

తర్లుపాడు,
బుధవారం

అక్కా,

నీ జవాబు అందింది. "అమ్మను బలవంతం చేయబాక, తెలిసేది ఎట్లాగూ తెలుస్తది" అని రాసినావు. నేను బలవంతం చేయలేదు, ఫోనే చేసింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత ఊడిపోయింది. అమ్మ దానికి దారం చుట్టి పెట్టుకుంది. ఒకరోజు ఛార్జింగు పెట్టినా లేవలేదు. మిద్దె మీదనుంచి దిగి వచ్చి, "మార్కాపురం పోదాం పద" అనింది.

దుకాణంలో అమ్మ రాధికను అడిగిందే అడిగింది. "నంబరు మారదు గదా తల్లీ? మధ్యలో వాడు చేస్తే ఎట్ల?"

"కంపెనీ మారేటప్పుడు కొంచెంసేపు పలకదు పెద్దమ్మా. తర్వాత మామూలే" అనింది రాధిక. పాత సిమ్ము తన ఫోనులో వేసి, మెసేజి పంపి, వచ్చిన కోడు చూసి, అమ్మ వేలిముద్ర తీసుకుంది. ఖరీదైన ఫోన్లు చాలా చూపించింది గాని, గట్టిగా మోగేది, పెద్ద అంకెలు కనపడేది ఒకటి చాలన్నా.

బస్సులో అడిగినా, "ఎవరో తెలిస్తే మంచిదే గదమ్మా, ఎందుకు భయపడతావు?" అని. అమ్మ కిటికీలోనుంచి బయటికి చూస్తా, "తెలిస్తే ఏం చేద్దామే?" అనింది.

సిమ్ము పలకని ఆ కొంచెంసేపు అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. కొత్త సిమ్ము లేచినాక రెండు రోజులు ఏమీ లేదు. మూడోరోజు మోగింది. ఫోను మంచం మీద వెలుగుతా ఉంది. నంబరు నిండుగా కనపడతా ఉంది. అమ్మ గోడవైపు తిరిగి, "నువ్వే ఎత్తు" అనింది. ఎత్తేలోపల ఆగిపోయింది.

నిన్న ఆమె ఫోను మంచం మీదనే వదిలి చర్చిలో స్త్రీల కూటానికి పోయినప్పుడు ఆ నంబరుకు చేసినా.

"ఎవరు నాయనా నువ్వు? మా అమ్మకు చేస్తున్నావు గదా?"

గాలి చప్పుడు వినపడతా ఉంది.

"మా బెన్నీ నీకు తెలుసా?"

"తెలుసక్కా" అన్నాడు. చిన్న గొంతు. "నా పేరు అంకన్న. మాది అర్ధవీడు. ఇప్పుడు గొర్రెలు మేపుకుంటా వాటి ఎంబడి ఉన్నా."

"బెన్నీ ఉన్నాడా?"

"నేనే వస్తానక్కా. ఫోన్లో చెప్పేది గాదు."

ఇంక అడగలేదు. అర్థమైంది. అమ్మ కూటంనుంచి వచ్చి నా మొహం చూసింది. పొయ్యి దగ్గరికి పోయింది. శుక్రవారం వస్తానన్నాడు.

కేథరిన్

*

తర్లుపాడు,
మంగళవారం

వందనక్కా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నా, ఇది కూర్చోని చదువు. పిల్లల ముందర చదవబాక.

అంకన్న వచ్చినాడు. మన తమ్ముడి ఈడువాడే. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు. అమ్మే చెయ్యి పట్టుకోని లోపలికి తెచ్చింది. వాడూ బెన్నీ హైదరాబాదు దాటినాక రోడ్డు పక్క కేబులు కాలువలు తవ్వే పనిలో ఉన్నారంట. వాన పడిన రోజు కాలువ గట్టు విరిగి బెన్నీ మీద పడింది. అందరూ చేతులతో తోడి పైకి తీసినారు. అంకన్న ఒళ్లోనే ప్రాణం పోయింది. కాంట్రాక్టరు శవాన్ని వ్యాన్లో వేయించుకోని, బయట చెప్తే నీ పేరే ఇరికిస్తానని వీణ్ణి బెదిరించి, అందరినీ తలా ఒక దిక్కుకు పంపించేసినాడు. ఎవరూ లేనివాడని రాయించి ఎక్కడో పూడ్చినారని వీడికి తర్వాత తెలిసిందంట.

"బెన్నీ మీ నంబరు పాట మాదిరి చెప్పేటోడు పెద్దమ్మా. చెబుదామనే చేసినా. నువ్వు ఎత్తంగానే బెన్నీ అని పిలిచినావు. ఇంక నాకు నోరు పెగల్లేదు" అని ఏడ్చినాడు.

అమ్మ ఏడవలేదు. "దెబ్బ ఎక్కడ తగిలింది? మాట్లాడినాడా?" అని అడిగింది. మాట్లాడలేదని చెప్పినాడు. "మంచిది. ఎక్కువసేపు బాధపడలేదు" అనింది.

శనివారం ముగ్గురం ఆ చోటికి పోయినాం. అక్కడ ఏముంటదక్కా! కాలువ పూడ్చేసి పైన తారు వేసినారు. పక్కన టీ కొట్టు పెట్టినారు. ఇక్కడే అని అంకన్న చూపించిన చోట ఎవరిదో స్కూటరు ఆపి ఉంది. అమ్మ దాని పక్కనే నేల మీద కూర్చుంది. టీ కొట్టాయన వచ్చి ఏందమ్మా అంటే, "మా పిల్లోడు ఇక్కడ పని చేసినాడు" అనింది. అంతే. ఆయన ఏమనుకున్నాడో, ఆ స్కూటరు తీసి దూరంగా పెట్టినాడు.

అమ్మ నాతో, "పాస్టరుగారికి ఫోను చెయ్యి. వచ్చే ఆదివారం బెన్నీకి జ్ఞాపకార్థ కూటం పెట్టమను" అనింది. మూడేళ్లుగా ఎవరు ఆ మాటెత్తినా కొట్టినంత పని చేసిన మనిషి. పూడ్చిన చోటు కనుక్కోవాలి, కేసు పెట్టాలి. అంకన్న సాక్ష్యం చెప్తానన్నాడు. బావను లాయరుతో మాట్లాడమను.

ఇంకొకటి ఉందక్కా. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో అంకన్నను అడిగినా, "అన్ని సార్లు చేసినావు గదా, ఒక్కసారన్నా నాతో మాట్లాడాలని అనిపించలేదా?" అని.

వాడు నా మొహం చూసినాడు. "నేను చేసింది రెండేసార్లక్కా. క్రిస్మస్ అప్పుడొకసారి, మొన్న ఒకసారి."

అమ్మ పక్కనే ఉంది. విన్నది. బస్సు ఎక్కినాక నా చెయ్యి మీద చెయ్యి వేసి, "మిగతావి ఎవరివో వెతకబాక" అనింది. ఫోను కొంగులోనుంచి తీసి నా ఒళ్లో పెట్టి, "ఇంక నాకెందుకు, నువ్వు వాడుకో" అని కళ్లు మూసుకుంది. మార్కాపురం వచ్చేదాకా నిద్రపోయింది. ఇంటికొచ్చినాక కూడా నిద్రపోతానే ఉంది.

రాధికను అడిగితే, మిషన్లతో చేసే కాల్సు ఉంటాయి, మోగి, పలక్కుండా ఆగిపోతాయి అనింది. అయ్యుండొచ్చు. కానీ నేను విన్న ఆ గుటక మిషనుదా? అంకన్న మొన్న చేసింది కొత్త ఫోనుకు, పాత ఫోనులో ఆ గుటక వాడిది కూడా కాదు.

వాడు చెప్పింది నేను నమ్మినా. తమ్ముడు లేడు. ఆ మాట కాగితం మీద రాసి కూడా చూసుకున్నా. అయినా ఫోను మోగితే, ఒకప్పుడు అమ్మ లేచినట్టు ఇప్పుడు నేను లేస్తున్నా. అమ్మ వదిలేసిన ఎదురుచూపు నన్ను పట్టుకున్నట్టుందక్కా. ఆదివారం దాకా ఆగబాక, ఈ ఉత్తరం అందంగానే బయలుదేరి రా.

నీ
కేథరిన్