జాడీలో పెట్టిన చెయ్యి

అమ్మా, నేను కులాసా, నా గురించి బెంగెట్టుకోకు.

కరెంటు లేక ఫ్రిజ్ ఎలాగూ పనిచెయ్యట్లేదని చిమిండైంగ్ బజారు నుంచి క్యాబేజీ, క్యారెట్ తెచ్చి, సన్నగా తరిగి ఉప్పేసి పిసికి, అన్నం పులిసిన తరవాణి నీళ్లు పోసి జాడీలో పులియబెట్టాను. ముట్టైన చెయ్యి తగిలితే జాడీ కుళ్లిపోద్దని నీదీ మా అత్తదీ ఒకటే మాట కదా. సరిగ్గా ఆ రోజుల్లోనే పిసికాను, కావాలనే! నాలుగో రోజుకి ఎంత బాగా పులిసిందో. అత్త రెండోసారి వడ్డించుకున్నాక సంగతి చెప్పాను. నోట్లో ముద్ద మింగి, కంచంలో మిగిలింది కూడా తినేసింది.

మౌల్మీన్‌లో వానలు తగ్గాయా? నాన్నకి దగ్గెలా ఉంది? ఎండుమిరపకాయలు పంపు. చెల్లి సత్యశ్రీకి నా ముద్దులు. ఆ రోజుల్లో దాన్ని జాడీ దగ్గర్నుంచి తరమకు. నన్ను తరిమింది చాలు.

నీ బేబీ, అహ్లోన్ నుంచి