వినీల పంపిన చిల్లుకుండ

తడ

పెద్దనాన్నకు వినీల నమస్కారాలు.

నీ ఫోను మడిలో పడ్డాక మనకు ఉత్తరాలే గతి. నేను ఆదివారాలు సారె మీద కుండలు చేయడం నేర్చుకుంటున్నా. నవ్వొద్దు. చేసినవన్నీ పళ్ళేలయిపోయాయి. నిలబడ్డ తొలి కుండ నీకే పంపుతున్నా.

వచ్చే నెల హరినాథ్‌తో నా పెళ్ళి. అమ్మానాన్నా లేని నన్ను పెంచావు, పీటల మీద కూర్చోవాల్సింది నువ్వూ పెద్దమ్మా.

నీ కూతురు, వినీల

తా.క. అడుగున చిల్లు పొరపాటు కాదు. నీ కోసం కావాలనే పెట్టా.

*

వాకాడు

చిరంజీవి వినీలకు, ఇంకా ప్రాణాలతోనే ఉన్న పెద్దనాన్న రాసేది.

అందింది తల్లీ. శ్మశానంలో భుజాన మోసి పగలగొట్టే చిల్లుకుండను మనిషి తిరుగుతుండగానే పంపినావే, ఏం ముందుచూపు! కట్టెలు వెనకాల వస్తా ఉండాయా? మీ పెద్దమ్మ ఏడస్తా దాన్ని గడప దాటనీలేదు. కొడుకులు లేనోణ్ణి, మోసేదెవురో కూడా నువ్వే రాసుంటే బాగుండు. పోయేవాడికి పెండ్లిళ్ళెందుకు? రాను.

ఇట్లు, చెంచురామయ్య

తా.క. ఆ బరువేందిమే? మోసినోడు నాకంటే ముందే పోతాడు.

*

తడ

పెద్దనాన్న కాళ్ళు పట్టుకుని వినీల రాసేది.

అయ్యో రామా! అది మొక్కల కుండీ. పెద్దమ్మ కరివేపాకు నాటుకుంటుందని, నీళ్ళు నిలవకుండా చిల్లు పెట్టా. మా టీచరు కుండీకి చిల్లు తప్పనిసరి అన్నాడే గానీ, వాకాడులో దానికింకో పనుందని చెప్పలేదు!

ఇదిగో, చేపల పులుసుకు చట్టి. తొందరలో టీచరుకు కూడా చూపకుండా, ఎండగానే పంపుతున్నా. పులుసు తిని, కోపం దిగాక రా. నువ్వు రాకపోతే నాకు పెళ్ళే వద్దు. నిజంగా ఆపేస్తా.

ఏడుస్తూ, వినీల

తా.క. దీనికి చిల్లు లేదు. కావాలంటే నీళ్ళు పోసి చూసుకో.

*

వాకాడు

చిరంజీవి వినీలకు పెద్దనాన్న దీవెనలు.

నీళ్ళు పోసి చూసినా. చిల్లు లేదు. కాసేపటికి చట్టీ లేదు. ఎండితే చాలదమ్మా, కుండను కాల్చాల! తొలి కుండను మీ టీచరు కాల్చినట్టుండాడు. వంజరం ముక్కలు కడిగి పెట్టుకున్న మీ పెద్దమ్మ ఆ బురద చూసి, ఏడుపు మరిచి పడీపడీ నవ్వింది. ఆ బురదనే చిల్లుకుండలో పోసి కరివేపాకు నాటింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైందిమే.

పెండ్లి కుండలు కుమ్మరి గిరిబాబుకు చెప్పినా. వాటి మీద నువ్వు చెయ్యి వేసినావంటే పెండ్లి ఆపేది నేనే. మేమిద్దరం ముందురోజే దిగతాం.

మీ పెద్దనాన్న, చెంచురామయ్య

తా.క. నా రోజు వచ్చినప్పుడు కొత్త కుండ వెతకొద్దు, నువ్వు చేసిందే ఉండాది. మోసేది ఎటూ అల్లుడే. అందుకే పెండ్లిలో హరినాథ్ మొహం తర్వాత చూస్తా, ముందు భుజాలు చూడాల.